సమ్మిక్రాన్-సి, ఎం-రోకర్: ఒకే 40 ఎంఎం లెన్స్‌కి మూడు వెర్షన్లు, ఏది ఎవరికి?

షావోమి 12ఎస్ అల్ట్రా, 13 అల్ట్రా ఫోన్ల వెనక కెమెరా దగ్గర ‘వేరియో-సమ్మిక్రాన్’ అని రాసి ఉంటుంది. 14 సిరీస్‌కి వచ్చేసరికి అది ‘వేరియో-సమ్మిలక్స్’ అయింది. ఈ పేర్లు లైకా కంపెనీవి. ఆ కంపెనీ లెక్కలో లెన్స్ ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో పేరే చెబుతుంది. ఎఫ్/1.4 అయితే సమ్మిలక్స్, ఎఫ్/2 అయితే సమ్మిక్రాన్, ఎఫ్/2.8 అయితే ఎల్మారిట్. ఫోన్ల మీదకి వచ్చాక ఈ లెక్క కొంచెం సాగిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో చిన్న లెక్క కూడా చూద్దాం. 14 అల్ట్రా మెయిన్ కెమెరా ఎఫ్/1.63. వినడానికి చాలా గొప్పగా ఉంది కదా? కానీ ఒక అంగుళం సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే సుమారు 2.7 రెట్లు చిన్నది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ విషయంలో అది ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/4.4 పెట్టినట్టే. అందుకే ఫోన్‌కి పోర్ట్రెయిట్ మోడ్ అనే సాఫ్ట్‌వేర్ సాయం కావాలి. అసలు సిసలు ఎఫ్/2 లెన్స్‌కి ఆ సాయం అక్కర్లేదు. అందులోనూ జేబులో పట్టేంత చిన్నది, లైకా లెన్సుల్లో కాస్త అందుబాటు ధరలో దొరికేది ఒకటుంది. ఈ ఆర్టికల్ దాని గురించే.

పేరు సమ్మిక్రాన్-సి 40 ఎంఎం ఎఫ్/2. ‘సి’ అంటే కాంపాక్ట్. దీనికి జపాన్‌లో పుట్టిన తోబుట్టువులు ఇద్దరున్నారు. రెండింటి పేరూ ఎం-రోకరే. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి, చూడటానికీ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలియకుండా డబ్బులు పెడితే మాత్రం కొందరికి ఇబ్బంది తప్పదు.

కథ ఎక్కడ మొదలైంది?

1973లో లైకా తయారీదారు లైట్జ్, జపాన్ కంపెనీ మినోల్టా కలిసి సీఎల్ అనే చిన్న రేంజ్‌ఫైండర్ కెమెరా తెచ్చాయి. బాడీ తయారీ జపాన్‌లో. బయట దేశాల్లో లైకా సీఎల్ అని, జపాన్‌లో లైట్జ్ మినోల్టా సీఎల్ అని అమ్మారు. దాంతోపాటు వచ్చే 40 ఎంఎం లెన్స్ కూడా రెండు పేర్లతో వచ్చింది. జర్మనీలోని వెట్జ్‌లర్‌లో తయారైంది సమ్మిక్రాన్-సి. జపాన్‌లో తయారైంది ఎం-రోకర్-క్యూఎఫ్.

ఈ ‘క్యూఎఫ్’ చూసి ఏదో స్పెషల్ ఎడిషన్ అనుకోకండి. అది మినోల్టా పాత కోడ్. క్యూ అంటే నాలుగు గ్రూపులు, ఎఫ్ అంటే ఆరు గాజు ముక్కలు. సమ్మిక్రాన్-సి లోపల కూడా ఇదే నిర్మాణం, నాలుగు గ్రూపుల్లో ఆరు ఎలిమెంట్లు. రోకర్ అనే పేరు జపాన్‌లోని రోక్కో అనే కొండ నుంచి వచ్చింది. గుట్ట కింద ఊళ్ళో పెరిగిన నాలాంటి వాడికి ఈ సంగతి కొంచెం ఎక్కువే నచ్చుతుంది.

సీఎల్ తయారీ 1976లో ఆగిపోయింది. లైట్జ్ ఆ దారి వదిలేసింది కానీ మినోల్టా వదల్లేదు. 1980 దశకం మొదట్లో సీఎల్‌ఈ అనే కెమెరా సొంతంగా తెచ్చింది. అపర్చర్ పెడితే షట్టర్ స్పీడ్ కెమెరానే చూసుకుంటుంది. ఆ రోజుల్లో రేంజ్‌ఫైండర్‌కి అది పెద్ద విషయం. దాంతో వచ్చిన 40 ఎంఎం ఎం-రోకర్ మూడో వెర్షన్. పేరు అదే, సైజూ దాదాపు అదే. మారినవి రెండే. ఒకటి గాజు మీద కోటింగ్, ఇంకోటి లెన్స్ వెనక ఉండే క్యామ్. ఈ రెండూ అర్థమైతే మిగతాది సులువు.

క్యామ్ అంటే ఏంటి? దాంతో మనకేం పని?

ఫోన్‌లో ఫోకస్ అంటే స్క్రీన్ మీద వేలు పెట్టడమే. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. మీరు చూసేది లెన్స్ లోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. దాని మధ్యలో ఒక చిన్న చదరంలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ తిప్పుతుంటే ఆ రెండో బొమ్మ జరుగుతుంది. రెండూ ఒకటిగా కలిస్తే ఫోకస్ కుదిరినట్టు.

లెన్స్ తిప్పితే కిటికీలో బొమ్మ ఎలా జరుగుతుంది? కెమెరా లోపల ఒక చిన్న రోలర్ ఉంటుంది. లెన్స్ వెనక ఉండే లోహపు అంచు ఆ రోలర్‌ని ముందుకీ వెనక్కీ నెడుతుంది. ఆ అంచే క్యామ్. పూర్తిగా మెకానికల్, ఇందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. కాబట్టి క్యామ్ ఒక వెంట్రుక మందం తేడాగా ఉన్నా, కిటికీలో ఫోకస్ కుదిరినట్టే కనిపిస్తుంది, ఫొటోలో మాత్రం తప్పుతుంది.

మామూలు లైకా ఎం లెన్స్‌లో ఈ అంచు సమతలంగా ఉంటుంది. రోలర్ దాని మీద ఎక్కడ తగిలినా ఒకటే కొలత. సీఎల్ కోసం చేసిన రెండు లెన్సుల్లో, అంటే సమ్మిక్రాన్-సి, రోకర్-క్యూఎఫ్ రెండింటిలోనూ క్యామ్ వాలుగా ఉంటుంది. లెన్స్ తిరిగే కొద్దీ ఆ వాలు రోలర్‌ని నెడుతూ పోతుంది. సీఎల్ బాడీకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎం సిరీస్ బాడీలో రోలర్ ఒక పిసరు అటూ ఇటూ ఉంటే వాలు మీద ఆ పిసరు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఈ లెన్స్‌ని ఎం బాడీల మీద వాడొద్దని లైట్జ్ అప్పట్లోనే చెప్పింది. సీఎల్‌ఈ రోకర్‌కి ఆ గొడవ లేదు. దాని క్యామ్ మామూలు ఎం లెన్స్ లాగానే ఉంటుంది.

మరి సమ్మిక్రాన్-సిని ఎం బాడీల మీద హాయిగా వాడేవాళ్ళు లేరా? చాలామంది ఉన్నారు. కానీ ‘చాలామందికి పనిచేసింది’ వేరు, ‘మీ బాడీ మీద పనిచేస్తుంది’ వేరు. లెక్క చూడండి. 40 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/2లో పెట్టి, దాని అతి దగ్గర దూరమైన 0.8 మీటర్లలో ఒక ముఖం తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 4.5 సెంటీమీటర్లు. కంటికీ చెవికీ మధ్య దూరం దీనికంటే ఎక్కువ. రెండు మీటర్ల దూరంలో అదే లోతు 30 సెంటీమీటర్లు అవుతుంది, అక్కడ చిన్న తేడా దాగిపోతుంది. అంటే ఎం బాడీ మీద ఈ రెండు లెన్సుల్ని వీధిలో, దూరంగా, ఎఫ్/5.6లో వాడేవాళ్ళకి ఏ సమస్యా తెలియకపోవచ్చు. ఎఫ్/2లో దగ్గర పోర్ట్రెయిట్ తీసేవాళ్ళకి తెలుస్తుంది.

మిర్రర్‌లెస్ వాడేవాళ్ళు ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. అడాప్టర్ పెట్టి సోనీ, నికాన్, ఫుజి బాడీల మీద పెడితే క్యామ్ దేనికీ తగలదు. మీరు సెన్సర్ చూసేదే స్క్రీన్ మీద చూస్తారు. మూడు వెర్షన్ల మధ్య ఉన్న అతి పెద్ద తేడా మీకు సంబంధించినదే కాదు.

కోటింగ్: పానగల్ గుట్ట మీద సాయంత్రం ఎండలో

ఇక గాజు సంగతి. నా దగ్గర ఉన్నది రోకర్-క్యూఎఫ్. హైదరాబాద్‌లోని ఒక స్నేహితుడు మిగతా రెండూ మూడు వారాల కోసం ఇచ్చాడు. మూడింటినీ ఒకే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ మీద, ట్రైపాడ్ పెట్టి, మా పాన్‌గల్‌లో తీసి చూశాను. లెన్స్ టెస్ట్‌కి మా కోట గోడ కంటే మంచి చార్ట్ నాకు దొరకదు. పెద్ద పెద్ద రాళ్ళు, ప్రతి రాయి మీదా గరుకు, మూల నుంచి మూల దాకా వివరాలే వివరాలు.

ఎఫ్/2లో మూడూ మధ్యలో పదునుగానే ఉన్నాయి, మూలల్లో మూడూ మెత్తగా ఉన్నాయి, అంచుల దగ్గర కొంచెం చీకటి కూడా ఉంది. ఎఫ్/4కి అది చాలావరకు సర్దుకుంది. ఎఫ్/5.6లో తీసిన ఫొటోల్ని పేర్లు దాచి చూసుకుంటే ఏది ఏ లెన్స్‌దో నేను చెప్పలేకపోయాను. ‘జర్మన్ గాజు, జపాన్ గాజు’ అని గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే బోలెడంత టైం మిగులుతుంది.

తేడా బయటపడింది సూర్యుడికి ఎదురుగా నిలబడ్డప్పుడే. సాయంత్రం కోట వాకిలి లోపల నిలబడి బయటికి తీస్తే, సూర్యుడు ఫ్రేమ్ అంచున ఉంటాడు, వాకిలి రాళ్ళు నీడలో ఉంటాయి. సమ్మిక్రాన్-సిలో, క్యూఎఫ్‌లో ఆ నీడ మీద పలచటి పొగమంచు పరిచినట్టు వచ్చింది. నలుపు బూడిదగా మారింది. సీఎల్‌ఈ రోకర్‌లో అదే చోట నలుపు నలుపుగానే నిలబడింది. పూర్తిగా మాయమైందని చెప్పను, కానీ పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

కారణం కష్టమైనదేం కాదు. నాలుగు గ్రూపులంటే గాలికి తగిలే గాజు ముఖాలు ఎనిమిది. కోటింగ్ లేని గాజు ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. ఒక పొర కోటింగ్ వేస్తే అది ఒకటిన్నర శాతం దాకా దిగుతుంది. పలు పొరలు వేస్తే అర శాతం కంటే కిందికి పోతుంది. వెనక్కి కొట్టిన వెలుతురు ఎక్కడికీ పోదు, ఎనిమిది అద్దాల మధ్య బంతిలా తిరిగి చివరికి సెన్సర్ మీద పొగలా పడుతుంది. సీఎల్ కాలం లెన్సులవి సింగిల్ కోటింగ్, సీఎల్‌ఈ రోకర్‌ది మల్టీ కోటింగ్.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కోటింగ్ తేడా కంటే గాజు శుభ్రత తేడా పెద్దది. లోపల పొగ పట్టిన సీఎల్‌ఈ రోకర్ కంటే శుభ్రమైన క్యూఎఫ్ ఎన్నో రెట్లు నయం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ వాడేవాళ్ళలో కొందరైతే సింగిల్ కోటింగ్‌నే కోరుకుంటారు. మా ఎండకి నీడలు మరీ నల్లగా పడతాయి, ఆ పలచటి పొగ వాటిని కొంచెం పైకి లేపుతుంది. నాకూ ఆ రుచి నచ్చుతుంది. రంగుల్లో మాత్రం కాదు.

చిన్న విషయాలే, కానీ రోజూ తగిలేవి

ఫిల్టర్. రెండు రోకర్లకీ 40.5 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. సోనీ 16-50 కిట్ లెన్స్‌దీ అదే సైజు కాబట్టి ఏ కెమెరా షాపులోనైనా దొరుకుతుంది. సమ్మిక్రాన్-సి ఇక్కడ సతాయిస్తుంది. దానికి సిరీస్ 5.5 అనే పాతకాలపు ఫిల్టర్ పెట్టి, పైన రబ్బరు హుడ్ బిగించాలి, ఆ హుడ్డే ఫిల్టర్‌ని పట్టి ఉంచుతుంది. 39 ఎంఎం ఫిల్టర్ పడుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. మర పిచ్ వేరు కాబట్టి అది రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మర పోతుంది. యాభై ఏళ్ళ రబ్బరు మన ఎండల్లో ఎన్నాళ్ళుంటుందో వేరే చెప్పాలా?

ఫ్రేమ్‌లైన్. లైకా ఎం బాడీ కిటికీలో 40 ఎంఎం గీత ఉండదు. ఈ లెన్స్ పెడితే 50 ఎంఎం గీత వస్తుంది. గీత లోపల సర్దుకుని తీస్తే ఫొటోలో చుట్టూ అదనంగా వస్తుంది. కొందరు లెన్స్ వెనకున్న లోహాన్ని ఆకురాయితో కొంచెం అరగదీసి 35 ఎంఎం గీత వచ్చేలా చేసుకుంటారు. అలా అరగదీసిన లెన్స్ మీకు అమ్మకానికి రావచ్చు. అది లోపం కాదు, కానీ మళ్ళీ అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని తెలిసే కొనండి.

ఇక ఈ 40 అనే అంకె. ఫుల్ ఫ్రేమ్ మూల నుంచి మూలకి కొలిస్తే 43 ఎంఎం. దానికి దగ్గరగా ఉన్న లెన్స్ మన చూపుకి సహజంగా అనిపిస్తుందంటారు. ఫోన్ మెయిన్ కెమెరా 23-24 ఎంఎం కాబట్టి దానికి అలవాటైన కంటికి మొదటి రెండు రోజులు ఇరుకుగా ఉంటుంది. ఆ తర్వాత ఫ్రేమ్‌లో అక్కర్లేని కరెంటు తీగలు, బైకులు తగ్గిపోయాయని గమనిస్తారు.

డబ్బుల దగ్గరికి వస్తే

మా పిన్ని కొడుకు వనపర్తిలో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. ఈ లెన్సులు చూసి ముచ్చటపడి, ఈ సీజన్ సంపాదనలోంచి ఒకటి కొంటానన్నాడు. “అన్నా, మూడిట్ల గాజు ఒకటేనంట గదా, అగ్గువకొచ్చేది తీస్కుంటే అయిపాయె గదా?” అని అడిగాడు. ప్రశ్న సరైనదే. వాడి దగ్గరున్నది మిర్రర్‌లెస్, క్యామ్‌తో పని లేదు. కాబట్టి వాడి విషయంలో జవాబు చాలావరకు అవుననే.

కానీ నేను వాణ్ణి ఆపాను. కారణం వెర్షన్ కాదు, పని. ఈ మూడింటిలోనూ ఆటోఫోకస్ లేదు. తలంబ్రాలు పోసే క్షణం, తాళి కట్టే క్షణం రెండోసారి రావు. ఎఫ్/2లో చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చుంటే ఆ ఇంటివాళ్ళకి జవాబు చెప్పాల్సింది వాడే. పైగా 0.8 మీటర్ల కంటే దగ్గరికి పోలేదు, అంటే మెహందీ చేతులు, ఉంగరాలు పెద్దగా తీయడానికి క్లోజ్ ఫోకస్ అడాప్టర్ వేరుగా కొనాలి. అదే డబ్బుకి వాడి బాడీకి సరిపోయే ఆటోఫోకస్ ప్రైమ్ లెన్స్ వారంటీతో వస్తుంది. తిండి పెట్టే లెన్స్ వేరు, ముచ్చట తీర్చే లెన్స్ వేరు. ఇది రెండోది. మొదటిది సరిగ్గా ఉన్నాకే దీని జోలికి వెళ్ళమన్నాను.

ముచ్చట కోసమే అయితే నా ఎంపిక ఇలా ఉంటుంది. లైకా ఎం బాడీ ఉంటే నేరుగా సీఎల్‌ఈ రోకర్ తీసుకోండి, మిగతా రెండింటి గురించి ఆలోచించకండి. మిర్రర్‌లెస్ ఉంటే రోకర్-క్యూఎఫ్ చాలు, మిగిలిన డబ్బు మంచి అడాప్టర్ మీద పెట్టండి. సమ్మిక్రాన్-సి బాగుండదని కాదు. నేను చూసినంతలో దాని ధరలో కొంత లైకా పేరుకి పోతుంది, ఆ ఫిల్టర్ తలనొప్పి ఫ్రీగా వస్తుంది. సీఎల్ బాడీ ఉండి జోడీ పూర్తి చేసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం అదే సరైనది.

పాత సరుకంటే భయమున్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. జపాన్ కంపెనీ కోసినా తయారుచేసే ఫోక్ట్‌లెండర్ నాక్టన్ 40 ఎంఎం ఎఫ్/1.4. కొత్తది దొరుకుతుంది. 175 గ్రాములు, 0.7 మీటర్ల దాకా దగ్గరికి పోతుంది, సింగిల్ కోటింగ్, మల్టీ కోటింగ్ రెండు రకాలుగా వచ్చింది. ఎఫ్/1.4లో బ్యాక్‌గ్రౌండ్ కొంచెం గజిబిజిగా ఉంటుంది, నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ క్యామ్ భయం లేదు, ఫంగస్ భయం లేదు.

కొనేముందు ఏం చూడాలి?

పేరు చూసి వెర్షన్ తేల్చకండి. ‘క్యూఎఫ్’ అని ఉంటే అది సీఎల్ కాలానిదే. కానీ ఆ అక్షరాలు లేనంత మాత్రాన సీఎల్‌ఈది అయిపోదు. అమ్మేవాణ్ణి లెన్స్ వెనకభాగం ఫొటో అడగండి, దగ్గరగా, పక్క నుంచి. క్యామ్ అంచు వాలుగా ఉంటే సీఎల్ రకం, సమంగా ఉంటే సీఎల్‌ఈ రకం. ఆ ఫొటో పంపడానికి సాకులు చెప్పేవాడి దగ్గర కొనకండి.

తర్వాత మీ ఫోన్ టార్చ్ తీయండి. లెన్స్‌ని ఎఫ్/2లో పెట్టి, వెనక నుంచి టార్చ్ కొట్టి, ముందు నుంచి కొంచెం పక్కకి వంచి చూడండి. సాలెగూడు దారాల్లా ఉంటే ఫంగస్. అద్దం మీద ఊదినట్టు తెల్లగా ఉంటే పొగ. సన్నటి దుమ్ము రేణువులు నాలుగైదు కనిపిస్తే కంగారు వద్దు, ఫొటోలో రావు. సీఎల్‌ఈ సెట్‌లో వచ్చిన 28 ఎంఎం రోకర్‌కి ముందు గాజులో తెల్ల చుక్కలు పడతాయనే చెడ్డపేరుంది. 40కి ఆ పేరు లేదు, రెండింటినీ కలిపి భయపడకండి. ఫోకస్ రింగ్ ఒక చోట వదులుగా, ఇంకో చోట బిగుతుగా తిరిగితే లోపల గ్రీజు ఎండిందని అర్థం. విప్పి శుభ్రం చేయించాలి, ఆ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ కలిపి చివరికి ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. వెబ్‌సైట్లో కనిపించే ధర మీ చేతికొచ్చే ధర కాదు.

ఎం బాడీ ఉన్నవాళ్ళు వాపసు గడువు లోపే ఒక పరీక్ష చేయాలి. టేబుల్ మీద స్కేలుని ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఒక గీతకి కిటికీలోంచే ఫోకస్ చేసి, ఎఫ్/2లో 0.8 మీటర్ల నుంచి ఒకటి, రెండు మీటర్ల నుంచి ఒకటి తీయండి. ఆ తర్వాత బాగా దూరంగా ఉన్న సెల్ టవర్‌ని తీయండి. మూడింటిలోనూ మీరు పెట్టిన చోటే పదును పడితే మీ బాడీకి ఆ లెన్స్ కుదిరినట్టు. దగ్గరలో తప్పి దూరంలో కుదిరితే అది వాలు క్యామ్ పని కావచ్చు, వాపసు పంపేయండి. ఫిల్మ్ బాడీ అయితే ఒక రోల్ ఇందుకే ఖర్చు పెట్టండి, రోల్ ధర లెన్స్ ధర ముందు ఎంత?

ఇంటికొచ్చాక తోలు కేసులో దాచకండి. తోలు తేమని పట్టుకుంటుంది, వానాకాలంలో ఫంగస్‌కి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, రెండు సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు చాలు. అంకె 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, 60 దాటితే పొట్లాలు మార్చండి. వారానికోసారైనా బయటికి తీసి వాడండి.